నౌకా ఫిరంగుల గురి

నౌకా ఫిరంగుల గురి అనగా సముద్రంపై తేలుతున్న నౌక నుండి ఫిరంగి పేల్చి మరొక నౌకను గాని, తీరంపై ఉన్న స్థావరాన్ని గాని కొట్టగల సామర్థ్యం. పైకి సులభంగా తోచినా యుద్ధవిద్యలలో ఇంత కష్టసాధ్యమైనవి కొద్ది మాత్రమే. 1898 జూలై 3న క్యూబాలోని సాంటియాగో రేవు వెలుపల జరిగిన యుద్ధంలో అమెరికా నౌకలు స్పెయిన్ నౌకాదళాన్ని పూర్తిగా నాశనం చేశాయి. ఆనాడు అవి పేల్చిన సుమారు 9,400 గుండ్లలో లక్ష్యాన్ని తాకినవి 120 పైచిలుకు మాత్రమే. అనగా నూటికి ఒకటి కంటె కొంచెం ఎక్కువ. ఇది గెలిచినవారి లెక్క అని పాఠకులు గమనించాలి.

తెలుగు తీరానికి ఈ విషయంతో నేరుగా సంబంధం ఉన్నది. 1804లో విశాఖపట్నం ఎదుట జరిగిన నౌకాయుద్ధం ఇందుకు చక్కని ఉదాహరణ. 1914లో మద్రాసుపై గుండ్లు కురిపించిన జర్మన్ నౌక ఎమ్డెన్ చరిత్ర మరొక ఉదాహరణ.

గురి ఎందుకు తప్పుతుంది

నేలపై ఫిరంగి కదలదు. దాని ముందున్న కోటగోడ కూడా కదలదు. మొదటి గుండు ముందు పడితే రెండవదానికి ఫిరంగి మూతిని కొంచెం ఎత్తితే సరిపోతుంది. సముద్రంపై ఈ సౌకర్యం లేదు. పేల్చే నౌక కదులుతుంది, లక్ష్యమైన నౌక కదులుతుంది, రెండింటి మధ్య దూరం క్షణక్షణం మారుతుంది. సముద్రం చూడని మెట్టప్రాంతపు విద్యార్థులు దీనిని ఇలా ఊహించుకోవచ్చును. చెరువులో తెప్పపై నిలబడి, గట్టు మీద పోతున్న ఎడ్లబండిలోని కుండను రాయితో కొట్టాలి. తెప్ప ఊగడం ఆగదు, బండి నిలవదు.

వీటిలో మొదటిది, పాతకాలంలో అన్నిటికంటె పెద్దది, నౌక పక్కలకు ఒరగడం. చిన్న లెక్క చూద్దాం. లక్ష్యం 1,000 మీటర్ల దూరంలో ఉన్నదనుకొందాం. ఫిరంగి గొట్టం ఒక్క డిగ్రీ పైకి లేచినా, కిందికి దిగినా ఆ దూరానికి చేరేసరికి గుండు సుమారు 17 మీటర్లు పైకో కిందికో పోతుంది. ఆ కాలపు యుద్ధనౌక గోడ నీటిపైన కనిపించే ఎత్తు అందులో సగం కూడా ఉండదు. నౌక ఐదు సెకన్లలో ఒక పక్క నుండి మరొక పక్కకు పది డిగ్రీలు ఒరిగిందంటే సగటున సెకనుకు రెండు డిగ్రీలు తిరిగినట్లు. నిప్పు అందించిన తరువాత మందు అంటుకొని గుండు గొట్టం దాటడానికి అర సెకను పట్టినా ఈలోగా గురి ఒక డిగ్రీ మారిపోతుంది. ఫిరంగివాడి కన్ను ఎంత మంచిదైనా అతడు చూసిన చోటికి గుండు పోదు. అలలు ఎంత ఎత్తున ఉంటే ఈ తేడా అంత పెరుగుతుంది.

తెరచాపల కాలపు ఫిరంగులలో మరికొన్ని లోపాలు కూడా ఉండేవి. గొట్టం లోపలిభాగం నున్నగా ఉండేది, మర గాడులు లేవు. ఇనుప గుండు గొట్టం కంటె కొంచెం సన్నగా ఉండేది, లేకుంటే మూతి నుండి లోపలికి దించడం సాధ్యం కాదు. అందువలన పేలినప్పుడు గుండు గొట్టం గోడలకు తగులుతూ వెలుపలికి వచ్చేది. చివరిసారి ఏ పక్కకు తగిలితే దానికి ఎదుటి పక్కకు మళ్ళేది. మూతి ఎత్తుదించడానికి ఫిరంగి మడమ కింద కొయ్య చీలను ముందుకు, వెనుకకు జరిపేవారు. దూరం కొలిచే పరికరం లేదు, కంటి అంచనాయే ఆధారం. మొదటి వరుస పేల్చగానే దట్టమైన తెల్లని పొగ కమ్ముకొని ఎదుటి నౌక కనిపించేది కాదు. ఇన్ని కారణాల వలన ఆనాటి నావికాధిపతులు దూరం నుండి కాల్చడాన్ని మందు వృథా చేయడంగానే భావించేవారు. రెండు నౌకలు పక్కపక్కకు చేరి, కొన్నిసార్లు ఇరవై ముప్పై గజాల దూరంలో నిలిచి కాల్చుకోవడం శౌర్యప్రదర్శన కోసం కాదు. అంత దగ్గరకు వస్తే తప్ప గుండు తగిలేది కాదు.

గురిచూసే చోటులో కూడా జాతిభేదం ఉండేది. సాధారణంగా బ్రిటిష్ వారు తమ నౌక లక్ష్యం వైపుకు ఒరిగేటప్పుడు పేల్చి ఎదుటి ఓడ గోడను, లోపలి మనుషులను కొట్టేవారు. ఫ్రెంచివారు నౌక ఎదుటి దిశకు ఒరిగేటప్పుడు పేల్చి తెరచాపకొయ్యలను, తాళ్ళను తెంపేవారు. కొయ్య విరిగిన ఓడ కదలలేదు గనుక దానిలోను యుక్తి ఉన్నది. కాని గాలిలోకి పోయిన గుండు దేనికీ తగలకుండా పోయే అవకాశం ఎక్కువ. నీటి మీద పడిన గుండు మాత్రం ఒక్కొక్కప్పుడు చెరువులో పిల్లలు విసిరిన పెంకువలె ఎగిరి వెళ్ళి ఓడకు తగిలేది.

విశాఖపట్నం నౌకాయుద్ధం (1804)

ఈనాడు విశాఖపట్నం అనగానే పెద్ద ఓడరేవు మనసులో మెదలుతుంది. ఆ రేవు 1933లో ప్రారంభమైనది. 1804లో అక్కడ ఓడలు లోపలికి వచ్చే మార్గం లేదు. పెద్ద ఓడలు తీరానికి దూరంగా బయటి సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకులను, మనుషులను నాటుపడవల మీద, కెరటాల హోరు దాటించి, ఒడ్డుకు చేర్చేవారు. అప్పటికి ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ పాలనలో ఉన్నవి, బ్రిటన్‌కు నెపోలియన్ ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తున్నది.

ఫ్రెంచి నౌకాధిపతి లినోయ్ మారిషస్ (అప్పటి పేరు ఐల్ ద ఫ్రాన్స్) కేంద్రంగా హిందూ మహాసముద్రంలో కంపెనీ ఓడలను వేటాడుతుండేవాడు. అదే సంవత్సరం ఫిబ్రవరి 14న పులో ఔరా దీవి వద్ద అతనికి ఒక అవమానం జరిగింది. చైనా నుండి వస్తున్న కంపెనీ వర్తక ఓడలు యుద్ధనౌకల వలె నటించగా, వాటిని చూసి అతడు వెనుదిరిగాడు. ఆ అపఖ్యాతి వెంట ఉండగానే అతడు బంగాళాఖాతంలో ప్రవేశించి, ఈ తీరంలో వర్తకానికి కాపలా కాస్తున్న విల్హెల్మినా అనే బ్రిటిష్ యుద్ధనౌకను వెదకసాగాడు. దాని స్థానంలోకి అంతకంటె పెద్దదైన సెంచూరియన్ వచ్చిన సంగతి అతనికి ముందుగా తెలియదు.

1804 సెప్టెంబరు 15 ఉదయం విశాఖపట్నం ఎదుట సెంచూరియన్ లంగరు వేసి ఉన్నది. దాని ఫిరంగులు 50. పక్కన బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు కంపెనీ వర్తక ఓడలు ఉన్నవి. నౌక నాయకుడు జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డున ఉన్నాడు. నౌకపై అధికారం లెఫ్టినెంట్ జేమ్స్ రాబర్ట్ ఫిలిప్స్‌ది. లినోయ్ వద్ద 74 ఫిరంగుల మారెంగో, దానితో పాటు అటలాంట్, సెమిలాంట్ అనే రెండు ఫ్రిగేట్లు ఉన్నవి. 74 ఫిరంగుల ఫ్రెంచి నౌకల దిగువ అంతస్తులో 36 పౌండ్ల గుండ్లు వేసే భారీ ఫిరంగులు ఉండేవి. సంఖ్యలోను, బరువులోను ఫ్రెంచివారిదే పైచేయి. కాగితం మీద చూస్తే ఇది గంటలో ముగియవలసిన పని.

అలా జరగలేదు. ఫ్రెంచి నౌకలు దగ్గరకు చేరుతుండగా సెంచూరియన్ కాల్పులు మొదలుపెట్టింది. తీరంపైనున్న ఫిరంగులు కూడా లినోయ్ అనుకొన్నదానికంటె గట్టిగా జవాబిచ్చాయి. వర్తక ఓడలు మాత్రం ఫిలిప్స్‌కు తోడు రాలేదు. బార్నబీ ఒడ్డు వైపు కొట్టుకుపోయి కెరటాలలో నాశనమైనది. ప్రిన్సెస్ షార్లెట్ పోరాడకుండానే లొంగిపోయింది. మొదటి దాడిలో మారెంగో, సెంచూరియన్ రెండూ దెబ్బతిన్నవి. ఫ్రెంచివారు కొంతదూరం తొలగారు. ఈ విరామంలో లిండ్ పడవపై తన నౌకను చేరుకొన్నాడు. సెంచూరియన్ తీరానికి మరింత చేరువగా, కెరటాలు విరిగే చోటికి దగ్గరగా నిలిచింది.

రెండవ దాడి దూరం నుండి జరిగింది. దీనికి కారణం స్పష్టమే. ఇసుకమేటలున్న తెలియని తీరంలో మారెంగో వంటి లోతైన ఓడను మరీ లోపలికి తేవడం ప్రమాదం. కొయ్యలు విరిగినా, అడుగు నేలకు తగిలినా బాగుచేసుకొనే రేవు మారిషస్ వరకు లేదు. మారిషస్‌కు వేల కిలోమీటర్ల సముద్రం దాటాలి, మార్గమంతా బ్రిటిష్ నౌకలు తిరుగుతున్నవి. అందుచేత లినోయ్ దూరాన్నే ఎన్నుకొన్నాడు. ఆ దూరంలో గురి ఎంతవరకు పనిచేస్తుందో పైన చెప్పిన లెక్కనుబట్టి తెలుసుకోవచ్చును. లక్ష్యం కదలకుండా లంగరుపై ఉన్నది కనుక గుండ్లు కొన్ని తగిలాయి. సెంచూరియన్‌లోకి నీరు చేరి మునిగే స్థితి వచ్చింది. అయినా అది లొంగలేదు, మునగలేదు. చివరకు లినోయ్ ప్రిన్సెస్ షార్లెట్‌ను పట్టుకొని వెళ్ళిపోయాడు. మూడు పెద్ద నౌకలు ఒకదానిపై కాల్పులు జరిపినా ఇరుపక్షాల మృతులు వేళ్ళమీద లెక్కించదగినంతమందే.

సెంచూరియన్‌ను ముంచకుండా వదిలినందుకు నెపోలియన్‌తో సహా పలువురు లినోయ్‌ను నిందించారు. చరిత్రకారులు కూడా చాలావరకు అదే మాట చెబుతారు. ఈ నింద సగమే న్యాయమని చెప్పాలి. దూరం నుండి కొట్టి ముంచడం ఆనాటి ఫిరంగులకు దాదాపు సాధ్యం కాదు. దగ్గరకు పోవడానికి కావలసిన తెగువ పులో ఔరాలో వలెనే ఇక్కడ కూడా అతనికి లేకపోయినది. కాని తన నౌకను పోగొట్టుకొంటే మరొకటి దొరకదన్న అతని లెక్కలో తప్పులేదు. మారెంగోను 1806 మార్చిలో అట్లాంటిక్ మహాసముద్రంలో బ్రిటిష్ నౌకలు పట్టుకొన్నాయి. లినోయ్ 1814 వరకు బందీగా ఉన్నాడు.

ఈ యుద్ధం మన పాఠ్యపుస్తకాలలో కనిపించదు. బొబ్బిలి యుద్ధం, చందుర్తి యుద్ధం గురించి తెలిసినవారికి కూడా విశాఖ ఎదుట ఫిరంగులు మ్రోగిన ఈ రోజు గురించి సాధారణంగా తెలియదు.

ఎమ్డెన్: ఒకే నౌక, రెండు ఫలితాలు

స్థిరలక్ష్యానికి, కదిలే లక్ష్యానికి గల భేదాన్ని ఎమ్డెన్ చరిత్ర చూపినంత స్పష్టంగా మరేదీ చూపదు. ఈ జర్మన్ క్రూయిజర్ కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్. మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైన కొద్ది వారాలకే, 1914 సెప్టెంబరు 22 రాత్రి, ఎమ్డెన్ మద్రాసు తీరానికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోకి వచ్చింది. నేటి కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివే. నగరంలో దీపాలు ఆర్పలేదు. నౌక సెర్చిలైట్లు వేసి బర్మా ఆయిల్ కంపెనీ నూనెట్యాంకులపై సుమారు అరగంటలో 125 వరకు గుండ్లు పేల్చింది. ట్యాంకులు అంటుకొని మంటలు లేచాయి. తీరంలోని ఫిరంగులు జవాబిచ్చేలోగా ఎమ్డెన్ చీకటిలో కలిసిపోయింది. వేలమంది నగరం విడిచి పారిపోయారు. చెన్నై హైకోర్టు ప్రహరీగోడకు ఈ సంఘటన గుర్తుగా ఒక ఫలకం కలదు. తమిళంలో ఎమ్డెన్ అనే మాట గడుసువాడు అనే అర్థంలో స్థిరపడింది.

ఇంతటి గురిగల నౌక నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద ఆస్ట్రేలియా నౌక సిడ్నీతో తలపడింది. ఆ రోజు ఎమ్డెన్ సుమారు 1,500 గుండ్లు పేల్చగా సిడ్నీకి తగిలినవి 16 మాత్రమే. నూనెట్యాంకులు పారిపోవు. సిడ్నీ మాత్రం నిలవలేదు. తన ఫిరంగులు పెద్దవి కనుక అది ఎమ్డెన్ గుండ్లు అందని దూరానికి తొలగి అక్కడ నుండి కొట్టింది. దాదాపు 670 గుండ్లు పేల్చి అందులో వంద వరకు తగిలినవని చెప్పుకొన్నది. చితికిపోయిన ఎమ్డెన్‌ను ముల్లర్ తీరానికి తోలి ఆపాడు.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ, విశాఖపట్నాలపై బాంబులు వేసిన రోజుననే జపాన్ క్రూయిజర్లు ఇదే సముద్రంలో వర్తక ఓడలను ఫిరంగులతో ముంచాయి. అవి వేగంలేని, దాదాపు నిరాయుధమైన ఓడలు. అందుచేత దగ్గరగా వచ్చి కాల్చడానికి అడ్డులేకపోయింది.

దూరం పెరిగిన కొద్దీ

మర గాడుల ఉక్కు ఫిరంగులు వచ్చిన తరువాత గుండు పది, ఇరవై కిలోమీటర్లు పోసాగింది. కాని గురి ఆ వేగంతో పెరగలేదు. గుండు 30 సెకన్లపాటు గాలిలో ఉంటే, గంటకు 20 నాటికల్ మైళ్ళ వేగంతో పోతున్న ఓడ ఈలోగా సుమారు 300 మీటర్లు జరుగుతుంది. పెద్ద యుద్ధనౌక పొడవు కూడా అంత ఉండదు. కనుక కనిపిస్తున్న నౌకను కొట్టరాదు, అరనిమిషం తరువాత అది ఉండబోయే చోటును కొట్టాలి. అది మధ్యలో మలుపు తిరిగితే లెక్క అంతా నీటిపాలు.

రెండవ చిక్కు గుండు దిగే వాలు. దగ్గరి నుండి పేల్చిన గుండు దాదాపు అడ్డంగా వస్తుంది కనుక దూరం అంచనాలో వంద మీటర్లు తేడా వచ్చినా ఓడ గోడకు తగలవచ్చును. ఇరవై కిలోమీటర్ల నుండి వచ్చేది ఆకాశం నుండి పడుతుంది. అది 20 డిగ్రీల వాలుతో దిగుతున్నదనుకొందాం. ఓడ ఎత్తు 10 మీటర్లు, వెడల్పు 27 మీటర్లు అయితే తగలడానికి ఉన్న పట్టీ అంతా కలిపి 55 మీటర్లు. 20,000 మీటర్లలో 55 మీటర్లు! దూరం కొలవడంలో నూటికి అరవంతు పొరపాటు కూడా పనికిరాదు. పైగా గాలి, మందు వేడి, గొట్టం అరుగుదల వేటికవే తేడాలు తెస్తాయి.

అందుకే 1916 జట్లండ్ యుద్ధంలో ప్రపంచంలోని రెండు పెద్ద నౌకాదళాలు తలపడినప్పుడు కూడా పాత కథే జరిగింది. జర్మన్లు సుమారు 3,600 భారీ గుండ్లు, బ్రిటిష్ వారు సుమారు 4,500 పేల్చారు. రెండువైపుల తగిలినవి 120 పైచిలుకు చొప్పున, అనగా నూటికి మూడు ప్రాంతం.

గురి కుదిర్చిన పద్ధతులు

మొదటి మార్పు తెచ్చినది బ్రిటిష్ నౌకాధికారి పెర్సీ స్కాట్. నౌక ఒరుగుతున్నప్పుడు అందరూ సరియైన క్షణం కోసం వేచి ఉండేవారు. ఒక ఫిరంగివాడు మాత్రం చక్రాన్ని తిప్పుతూ ఒరుగుడుతో పాటు గొట్టాన్ని ఎత్తుతూ, దించుతూ గురిని లక్ష్యంపైనే నిలుపుతుండడం స్కాట్ గమనించాడు. అందరికీ అదే నేర్పించాడు. అభ్యాసానికి ఊగే లక్ష్యపు పరికరాన్ని కూడా తయారుచేశాడు. 1899లో అతని నౌక సిల్లా పోటీలో 70 గుండ్లు పేల్చి 56 తగిలించింది. అదే సంవత్సరం అమెరికాలో ఐదు నౌకలు 1,600 గజాల దూరంలోని పాత ఓడపై ఒక్కొక్కటి ఐదు నిమిషాలు కాల్చగా, తగిలినవి రెండే, అవి కూడా తెరచాపలకు. స్కాట్ పద్ధతిని అమెరికాకు తెచ్చిన అధికారి విలియం సిమ్స్ మొదట పై అధికారులను నమ్మించలేకపోయాడు. చివరకు నేరుగా అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్ట్‌కు లేఖ రాయవలసి వచ్చింది. ఒక మామూలు సిపాయి చేతి నేర్పును చూసి గుర్తించిన అధికారికి కలిగిన ఖ్యాతిలో ఆ సిపాయికి వాటా దక్కలేదు. అతని పేరు కూడా ప్రసిద్ధికెక్కలేదు.

దూరపు కాల్పులకు ఒక్కొక్క ఫిరంగివాని నేర్పు చాలదు. నౌక ఎత్తైన చోటు నుండి ఒకే అధికారి గురిచూసి అన్ని ఫిరంగులను ఒక్కసారిగా పేల్చే డైరెక్టర్ పద్ధతిని కూడా స్కాటే ప్రోత్సహించాడు. 1912లో ఈ పద్ధతి గల థండరర్, లేని ఓరియన్ నౌకలను పోల్చి పరీక్షించగా, థండరర్ సుమారు ఆరు రెట్లు ఎక్కువగా లక్ష్యాన్ని కొట్టింది. అన్నీ ఒకేసారి పేలితే నీటిలో లేచే స్తంభాలు గుంపుగా కనిపిస్తాయి. కొన్ని ముందు, కొన్ని వెనుక పడితే దూరం సరిపోయినట్లు. అన్నీ ముందే పడితే పెంచాలి. ఎవరి గుండు ఎక్కడ పడినదో తెలియడానికి రెండవ ప్రపంచయుద్ధంలో గుండ్లలో రంగుపొడి కూడా వేశారు. దూరమాపకాలు, లక్ష్యపు వేగాన్ని దిశను బట్టి దూరం ఎలా మారుతుందో లెక్కించే యంత్రాలు, నిలువుదిశను చూపే గైరోస్కోపులు ఒకదాని తరువాత ఒకటి చేరాయి. నేటి కంప్యూటర్లకు ముందుతరం యంత్రాలలో ఈ నౌకాగణన యంత్రాలను కూడా చేర్చవచ్చును.

ఇన్ని ఉన్నా కదిలే నౌకను కదిలే నౌక కొట్టిన అత్యధిక దూరం సుమారు 24 కిలోమీటర్లే. 1940 జూన్‌లో జర్మన్ నౌక షార్న్‌హోర్స్ట్ గ్లోరియస్‌ను, జూలైలో బ్రిటిష్ నౌక వార్‌స్పైట్ ఇటలీ నౌక జూలియో చేజరేను ఇంచుమించు ఇదే దూరం నుండి కొట్టాయి. వాటి ఫిరంగులు అంతకంటె దూరం పోగలవు, కాని గురి పోలేదు.

రాడార్ వచ్చిన తరువాత చీకటి, పొగ అడ్డుకాలేదు. 1944 అక్టోబరు 25 తెల్లవారుజామున ఫిలిప్పీన్స్‌లోని సురిగావ్ జలసంధిలో అమెరికా నౌక వెస్ట్ వర్జీనియా చీకటిలో 20 కిలోమీటర్లకు పైగా దూరం నుండి మొదటి వరుసతోనే జపాన్ నౌక యమషిరోను కొట్టింది. బ్యాటిల్‌షిప్‌లు ఒకదానితో ఒకటి ఫిరంగులతో తలపడిన చివరి సంఘటన కూడా ఇదే.

ప్రస్తుత స్థితి

గొట్టం దాటిన మామూలు గుండును దిద్దలేము. క్షిపణి దారిలో తన దిశను తానే దిద్దుకొంటుంది. ఈ కారణం చేత నౌకలను కొట్టే పని క్షిపణులకు మారింది. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖపట్నం పేరు పెట్టుకొని 2021 నవంబరులో భారత నౌకాదళంలో చేరిన ఐ.ఎన్.ఎస్. విశాఖపట్నం నౌకపై 16 బ్రహ్మోస్ క్షిపణులు ఉన్నవి. ప్రధాన ఫిరంగి ఒక్కటే, 76 మిల్లీమీటర్లది. దానికి రాడార్, కంప్యూటర్ గురి చూపుతాయి. దగ్గరకు వచ్చే చిన్న పడవలను, విమానాలను ఎదుర్కొనడానికి, తీరంపై కాల్పులకు, ఆగమని హెచ్చరించడానికి దానిని ఉపయోగిస్తారు.